ముట్టుకుంటే తల్లి రాదు

మార్చి 2, ఆదివారం

ఇవాళ పికిలిపిట్ట నన్ను గొప్పదాన్ని చేసింది.

లైబ్రరీ వెనక పెరట్లో మందార కంచెలో గూడు పెట్టింది. గూట్లో మూడు గుడ్లు. పోయిన నెలంతా లైబ్రరీలో నేను నడిపే ఆదివారం బడికి వచ్చినవాళ్ళకి ఎండుటాకులూ నత్త గుల్లలూ చూపించి ఎలాగో నెట్టుకొచ్చాను. పిల్లలు ఆవలించారు. వాళ్ళకన్నా ముందు వాళ్ళ నాన్నలు ఆవలించారు. ఇవాళ ఒక్కరూ ఆవలించలేదు. తల్లులూ తండ్రులూ పిల్లలూ అందరూ కంచె ముందు ఎగబడ్డారు. ఒకడు తల దూర్చాడు. ఇంకొకతె చెయ్యి దూర్చబోయింది. ఆపలేక నా ప్రాణం తోకకొచ్చింది. అప్పుడు గట్టిగా అరిచాను.

"ముట్టుకుంటే తల్లి రాదు! మనిషి వాసన తగిలితే గూడు వదిలేసి వెళ్ళిపోతుంది."

అన్ని చేతులూ ఒక్కసారి వెనక్కి పోయాయి. కొందరైతే జేబుల్లో పెట్టేసుకున్నారు, పెద్దవాళ్ళతో సహా. నాకే ఆశ్చర్యం వేసింది.

అది నిజం కాదని నాకు తెలుసు. పిట్టలకి వాసన అంతగా పట్టదు, గుడ్లనీ పిల్లల్నీ అంత తేలిగ్గా వదిలిపెట్టవు. కానీ ఆరేళ్ళ పిల్లలకి అదంతా విడమరిచి చెప్పేలోపు గుడ్లు ఆమ్లెట్టయిపోతాయి. ఇది అబద్ధం కిందికి రాదు. జాగ్రత్త కిందికి వస్తుంది.

అన్న కూతురు, మేమంతా మిరపకాయ అని పిలిచేది, ఇంటికి వచ్చేదాకా చేతులు వెనక్కి కట్టుకునే నడిచింది. గుమ్మంలో వదిన "చేతులకేమైందే?" అంటే, "అక్కడ గుడ్లున్నాయమ్మా. నేను ముట్టుకోను" అంది. వదిన నాకేసి చూసి నవ్వింది.

"నా మాట ఒక్కటి వినదు. మీరేం చెప్పినా దీనికి వేదమే."

మెట్లెక్కి నా గదిలోకి వచ్చేదాకా గాల్లో తేలుతూనే ఉన్నాను.

మార్చి 6, గురువారం

పిల్లలయ్యాయి. మూడూ. ఒంటి మీద నూలుపోగు లేదు, కళ్ళు ఇంకా తెరవలేదు. నోళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి, నేను పనిచేసే కళ్ళద్దాల షాపు ఓనరు లాగా.

మార్చి 8, శనివారం

కళ్ళద్దాల షాపు నుంచి తిన్నగా లైబ్రరీకి వెళ్ళాను. రేపు చాలామంది వస్తారట. ఇదంతా బడికొచ్చే ఒక పిల్లాడి తండ్రి, కెమెరా నాన్న పుణ్యం. కన్నకొడుకుని ఎత్తుకోగా నేనెప్పుడూ చూడలేదు గానీ మెడలో ఆ కెమెరాని మాత్రం ఒక్క క్షణం దించడు. గూడు ఫోటో తీసి ఆదివారం బడి గ్రూపులో పెట్టాడు. ఫోటో నిండా ఆకులే. "ఇందులో పిట్టెక్కడండీ?" అని ఎవరో అడిగారు, పక్కనే పళ్ళికిలించే బొమ్మ పెట్టి. ఆ బొమ్మ నన్ను చూసే నవ్వినట్టనిపించింది.

లైబ్రేరియన్‌గారు కూడా "రేపు అందరికీ కనిపిస్తుందంటారా మేడమ్?" అని రెండుసార్లు అడిగారు. ఎందుకు కనపడదు? తాడు కడతాను, అందరూ తాడు ఇవతల నుంచే చూస్తారు. కానీ అక్కణ్ణుంచి చూస్తే నిజంగానే ఆకులు అడ్డం.

కొమ్మలు కొంచెం సర్దాను.

మార్చి 9, ఆదివారం

ఇంతమంది నోరు మూసుకుని నా మాట వినడం నా జన్మలో ఇదే మొదలు.

పొద్దున్నే మిరపకాయని వెంటబెట్టుకుని వెళ్ళి తాడు కట్టాను. అందరూ వచ్చేసరికి అది నా అసిస్టెంటయిపోయి తాడు వెంట అటూ ఇటూ తిరుగుతూ "ముట్టుకుంటే తల్లి రాదు, ముట్టుకుంటే తల్లి రాదు" అని అచ్చం నా గొంతుతో హెచ్చరించింది. తల్లిపిట్ట మిడతని పట్టుకొచ్చింది. మూడు ఎర్రటి నోళ్ళు ఒక్కసారి లేచాయి. తాడు పొడుగునా "అమ్మో!" అన్నారు. భుజాల మీద కూతుర్ని ఎక్కించుకున్నాయన తనే ముందు అరిచాడు.

ఒక పెద్దావిడ అడిగింది. "పెద్దదానికి ముందు పెడుతుందా అమ్మా, చిన్నదానికా?"

"ఎవరెక్కువ గోల చేస్తే వాళ్ళకేనండీ."

"మా ఇంట్లోనూ అంతే" అందావిడ. అందరూ ఫక్కున నవ్వారు. పిట్ట కూడా జడుసుకోలేదు.

కెమెరా నాన్నకి కావలసిన ఫోటో దొరికింది. ఒక్క ఆకు అడ్డం లేదు. గ్రూపులో పెడితే దండాలే దండాలు.

వచ్చేటప్పుడు మిరపకాయ దారంతా ఒక్క ముక్క మాట్లాడలేదు. అలిసిపోయి ఉంటుంది పాపం.

మార్చి 10, సోమవారం

గూడు ఖాళీ.

షాపు తెరిచే ముందు ఒకసారి చూసిపోదామని వెళ్ళాను. గూడు ఒక పక్కకి వాలిపోయి ఉంది. లోపల ఏమీ లేదు. తల్లిపిట్ట తీగ మీద కూర్చుని ఉంది, నోట్లో ఆకుపచ్చ పురుగుతో. గూటి మీదికి వస్తుంది, లోపలికి చూస్తుంది, మళ్ళీ తీగ మీదికి పోతుంది. పురుగుని వదలదు. లైబ్రరీ పిట్టగోడ మీద రెండు కాకులు తీరిగ్గా ముక్కులు రాసుకుంటున్నాయి.

ఆ పిట్టగోడ మీంచి చూస్తే గూడు కనపడుతుందా అని తల ఎత్తి చూశాను. కాకులు ఆకులున్నా వస్తాయి, లేకపోయినా వస్తాయి. వాటి తిండి వాటిది. రాకూడదని ఎక్కడా రాసిలేదు.

లైబ్రేరియన్‌గారు పరుగున వచ్చారు. "అయ్యయ్యో, ఏం జరిగిందంటారు మేడమ్?"

"ఎవరో చెయ్యి పెట్టినట్టున్నారు సార్" అన్నాను.

ఆలోచించి అన్నది కాదు. నాలుక చివరే ఉన్నట్టుంది, జారిపోయింది. ఆయన చాలా బాధపడి, "గ్రూపులో ఒక మాట పెట్టండి. పిల్లలకి తెలియాలి" అన్నారు. పెట్టాను. 'గూడు ఖాళీ అయింది. ఎవరో ముట్టుకున్నట్టున్నారు. ముట్టుకోవద్దని చెప్పేది ఇందుకే. దయచేసి మీ పిల్లలకి నచ్చజెప్పండి.' దయచేసి అని కూడా పెట్టాను.

రాత్రి కింద అందరం భోజనానికి కూర్చున్నప్పుడు వదిన ఫోన్ తీసి అది పైకి చదివింది. "చూశావుటే? ఎవరో నీలాంటి పిల్లలే. చెప్తే వినరు" అంది మిరపకాయతో. మిరపకాయ చేతిలో ముద్ద కంచంలో పెట్టేసింది. కడుపు నొప్పన్నది.

మార్చి 11, మంగళవారం

ఈ పూట జరిగింది రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

షాపు నుంచి రాగానే వదిన మెట్ల దగ్గర ఆపింది. "పొద్దుట్నుంచీ చేతులు కడుగుతూనే ఉంది. సబ్బు బిళ్ళ అరగదీసేసింది. స్కూల్లో కూడా అంతేనట, టీచరు ఫోన్ చేసింది. నేనడిగితే నోరు విప్పదు. మీరడగండి, మీకైతే చెప్తుంది."

అవును, నాకైతే చెప్తుంది.

పంపు ముందు స్టూలేసుకుని నిలబడి ఉంది. నన్ను చూసి రెండు చేతులూ నా ముక్కు దగ్గర పెట్టింది. వేళ్ళు నాని ముడతలు పడిపోయాయి.

"అత్తా, వాసన ఇంకా ఉందా?"

"ఏం వాసనే?"

"మనిషి వాసన."

నేను పంపు కట్టేశాను.

"నేను ముట్టుకున్నా అత్తా. ఒక్క వేలితోనే. నువ్వు తాడు కడుతున్నావే, అప్పుడు. అందులో చిన్నది వణుకుతోంది. చలేస్తోందేమోనని."

ఏడవలేదు. నా మొహంలోకి చూస్తూ నిలబడింది. ఏ శిక్ష వేసినా సరేనన్నట్టు చూస్తోంది.

అప్పుడు చెప్పొచ్చు. ఒక్క వాక్యం చాలు. ముట్టుకుంటే ఏమీ కాదే, అది ఉత్తమాట. నోరు తెరిచాను కూడా. తెరిస్తే, ఆ వెనకాలే రెండో వాక్యం కూడా చెప్పాల్సి వస్తుందని తెలిసింది. మరి గూడెందుకు పోయింది అని అడుగుతుంది. అది అడక్కుండా ఊరుకునే రకం కాదు.

"పర్లేదులే. ఇంకెప్పుడూ అలా చెయ్యకు" అన్నాను.

రెండు చేతులతో నా నడుం చుట్టేసింది. తడి చేతులు. జాకెట్టంతా తడిసిపోయింది.

నేను దాన్ని క్షమించాను. నేను. దాన్ని.

మార్చి 12, బుధవారం

షాపులో ఇవాళ ఒక ముసలాయన కళ్ళ పరీక్షకి వచ్చాడు. కింది వరస అక్షరాలు చదవమంటే గడగడా చదివేశాడు. బోర్డు తిప్పి వేరే అక్షరాలు పెట్టాను. అప్పుడూ ముందు చదివినవే చదివాడు. బయట కూర్చున్నప్పుడు బట్టీ పట్టాడన్నమాట. "ఎందుకండీ, కళ్ళు మీవి కదా?" అన్నాను. "అందరూ చూస్తున్నారు కదమ్మా" అన్నాడు. మామూలుగా అయితే నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం, నాలుగు దులిపేదాన్ని. ఇవాళ ఆయన్ని కూర్చోబెట్టి మళ్ళీ పై వరస నుంచి మొదలుపెట్టాను.

శనివారం నాడు 'సర్దాను' అని రాశాను. సర్దలేదు. కోశాను. హ్యాండ్‌బ్యాగులో కత్తెర పెట్టుకునే వెళ్ళాను, అంటే ఇంటి దగ్గరే అనుకున్నానన్నమాట. గూటి మీది కొమ్మా, ముందు కొమ్మా రెండూ కోసి కంచె వెనక పారేశాను. కోస్తుంటే తల్లిపిట్ట తల మీద తిరుగుతూ గోలగోలగా అరిచింది. కాసేపట్లో సర్దుకుంటుందిలే అనుకున్నాను. మర్నాడు అది మామూలుగా తిండి తేవడం చూసి, నేను అనుకున్నదే నిజమైందని సంబరపడ్డాను కూడా.

గూడు మీద ఆకుల కప్పు ఎందుకుంటుందో పిల్లలకి బొమ్మ గీసి మరీ చెప్పినదాన్ని.

మార్చి 13, గురువారం

లైబ్రరీ వైపు వెళ్ళలేదు. సందులోంచి చుట్టు తిరిగి వచ్చాను.

మార్చి 14, శుక్రవారం

వదిన పైకి వచ్చింది. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వుతోంది.

"నాతో చెప్పేసిందండీ, ముట్టుకున్నది తనేనని. ఆదివారం అందరి ముందూ సారీ చెప్తుందట. నేను చెప్పమనలేదు, ఒట్టు. దానంతట అదే అంది. ఈ వయసులో ఇంత నిజాయితీ ఎక్కణ్ణుంచి వచ్చిందో. మా వైపు ఎవరికీ లేదు మరి" అని నా భుజం తట్టింది.

వద్దనాలి. చిన్నపిల్ల, అందరి ముందూ ఎందుకు, అనాలి. అన్నాను కూడా, గట్టిగా అనలేదు. "పోనీలెండి, చెప్పేస్తే దాని మనసు తేలికపడుతుంది" అంది వదిన. అదీ నిజమే అనిపించింది. చేతులు కడగడం మానుతుందేమో. ఒకందుకు దానికి మంచిదే.

దానికి మంచిదే అని ఇప్పుడే రాశాను. కొట్టెయ్యబోయి, ఉండనీ అని వదిలేశాను.

మార్చి 15, శనివారం

వదిన గౌను ఇస్త్రీ చేసింది. మిరపకాయ పైకి వచ్చి నా ముందు ప్రాక్టీసు చేసింది, అద్దానికీ నాకూ మధ్య నిలబడి.

"నేను గూట్లో పిట్టపిల్లని ముట్టాను..."

"ముట్టాను కాదు, ముట్టుకున్నాను అనాలి" అని దిద్దాను.

దిద్దాను! ఆ పిల్ల నోట నా తప్పు ఒప్పిస్తూ అందులో భాష దిద్దాను. గొంతు కాస్త పెంచమని కూడా చెప్పాను, వెనకవాళ్ళకి వినపడదని. నా మొహం నేను అద్దంలో చూడలేదు. అది పక్కనే ఉంది, చూడలేదు.

రేపు అది నిలబడకముందే నేను నిలబడి చెప్పేస్తాను. అది తీర్మానం.

మార్చి 16, ఆదివారం

అది నిలబడకముందు నేను నిలబడలేదు.

అందరూ వచ్చారు. గూడు పోయిందని తెలిసీ వచ్చారు. లైబ్రేరియన్‌గారు కుర్చీలు వేయించారు. ఇప్పుడు లేస్తాను, ఇప్పుడు లేస్తాను అనుకుంటూ మంచినీళ్ళు తాగుతూ కూర్చున్నాను. మిరపకాయ వెనక గుమ్మం మెట్టెక్కి నిలబడింది. గొంతు పెంచింది, నేను చెప్పినట్టే.

"నేను గూట్లో పిట్టపిల్లని ముట్టుకున్నాను. అందుకని వాళ్ళమ్మ రాలేదు. అందుకని కాకి ఎత్తుకుపోయింది. నన్ను క్షమించండి."

చప్పట్లు కొట్టారు. కెమెరా నాన్న ఫోటో తీశాడు. లైబ్రేరియన్‌గారు నా వైపు వంగి, "ఇదంతా మీ శిక్షణే మేడమ్" అన్నారు. చప్పట్లు ఆగాక ముందు వరసలో తల్లి ఒళ్ళో కూర్చున్న చిన్నపిల్ల, నాలుగేళ్ళుంటాయేమో, అడిగింది.

"మూడింటినీ నువ్వే చంపావా అక్కా?"

మిరపకాయ నేల చూపులు చూస్తూ "ఊఁ" అంది.

ఆ 'ఊఁ' విన్నాక కూర్చోలేకపోయాను. లేచాను గానీ సూటిగా మాట రాలేదు. పాఠమే వచ్చింది. "కాకి చూపు చాలా చురుకైనది. గూడు చుట్టూ ఆకులు దట్టంగా ఉంటే..." అని మొదలుపెట్టాను. అందరూ రాసుకోవడానికి పుస్తకాలు తెరిచారు. లైబ్రేరియన్‌గారు తల ఊపుతున్నారు. ఇలా కాసేపు సాగదీస్తే ఎవరికీ ఏమీ అర్థం కాకుండానే అంతా చెప్పేశానని ఇంటికెళ్ళి అనుకోవచ్చు. ఆ ఆలోచన కూడా వచ్చింది, దాచడం ఎందుకు.

"ఆ ఆకులు నేను కోసేశాను" అన్నాను. "మీకు బాగా కనపడాలని. నన్ను మెచ్చుకోవాలని. కాకికి దారి చూపించింది నేను. ముట్టుకుంటే తల్లి రాదన్నది అబద్ధం. మీ చేతులు ఆపడానికి చెప్పాను. పిల్లలెవ్వరి తప్పూ లేదు. గ్రూపులో నేను రాసింది కూడా అబద్ధమే."

తర్వాత ఒకరి వెనక ఒకరు మొదలుపెట్టారు. పర్లేదండీ. మా కోసమే కదా చేశారు. మనుషులన్నాక పొరపాట్లు జరుగుతాయి. పర్లేదు, పర్లేదు. పెద్దావిడైతే నా చెయ్యి పట్టుకుంది. తిట్టినా బాగుండేది. ఒక్క వదిన మాత్రం మిరపకాయ ఇస్త్రీ గౌను వైపు చూస్తోంది.

మిరపకాయ మెట్టు దిగి నా దగ్గరికి వచ్చింది.

"ముట్టుకున్నా వాళ్ళమ్మ వస్తుందా?"

"వస్తుంది."

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"నేను చెప్పినప్పుడు కూడా తెలుసా? పంపు దగ్గర?"

"తెలుసు."

"మరి నాకు పర్లేదన్నావు."

అడగలేదు. అంది, అంతే. అన్నీ కలిపి చూసుకుని మొత్తం తేల్చినట్టు అంది. అంతమంది 'పర్లేదు' అన్నది నా చెవికెక్కలేదు గానీ దాని నోటి నుంచి నా మాటే వింటుంటే తల కొట్టేసినట్టయింది. వదిన వచ్చి దాని చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళిపోయింది.

మార్చి 18, మంగళవారం

కూర గిన్నె పైకి అన్న తెచ్చిచ్చాడు. వదిన కోపం తగ్గిందా అంటే, "ఏ కోపం?" అన్నాడు. వాడికి ఇంట్లో ఏం జరిగినా ఆఖర్న తెలుస్తుంది. పిల్ల చేతులు కడగడం మానేసిందా అని అడిగితే, "మానేసింది. ఇప్పుడు అన్నానికి ముందు కూడా కడగనంటోంది" అన్నాడు.

మార్చి 20, గురువారం

మెట్ల మీద ఎదురుపడింది. గోడకి అతుక్కుని దారి ఇచ్చింది, కొత్తవాళ్ళకి ఇచ్చినట్టు.

మార్చి 22, శనివారం

ఇవాళ అదే పైకి వచ్చింది. లోపలికి రాలేదు, గుమ్మంలో కూర్చుంది. నేను సంతోషంగా లేచాను. బిస్కెట్ డబ్బా తీయబోతే వద్దంది.

"నువ్వు చెప్పినవాటిల్లో ఇంకా ఏవేవి అబద్ధం?"

దానికోసమే వచ్చిందన్నమాట.

"అడుగు" అన్నాను.

"మెరుపు ముందు, ఉరుము తర్వాత అన్నావు?"

"నిజం."

"పుచ్చకాయ గింజ మింగితే కడుపులో తీగ మొలుస్తుందన్నావు?"

"అబద్ధం."

"చీకట్లో చదివితే కళ్ళు పోతాయన్నావు?"

"అదీ... అబద్ధమే. నువ్వు తొందరగా పడుకోవాలని."

"వాన నీళ్ళు మళ్ళీ మబ్బులవుతాయన్నావు?"

"నిజం."

కోపంగా లేదు. కూరగాయల దగ్గర పుచ్చులు ఏరుతున్నదాని లాగా ఒక్కొక్కటే తీసి చూసి పక్కన పెడుతోంది. ఎన్నెన్ని చెప్పానో, ఎందుకెందుకు చెప్పానో నాకే గుర్తులేదు. దానికి అన్నీ గుర్తున్నాయి. అన్నీ నమ్మింది మరి. నిజం అన్నప్పుడు కూడా నా మొహమే చూస్తోంది, అబద్ధం అన్నప్పుడూ అలాగే చూస్తోంది. రెండింటికీ తేడా ఉన్నట్టు లేదు దానికి.

"చీమకి ఆరు కాళ్ళన్నావు?"

"నిజం. ఒట్టు."

"ఒట్టొద్దు" అని లేచి కిందికి వెళ్ళిపోయింది. కింద అన్నని అడగడం వినపడింది. "నాన్నా, చీమకి ఎన్ని కాళ్ళు?"

"నాకేం తెలుసే? మీ అత్తనడుగు."

కాసేపటికి వీధి తలుపు చప్పుడైంది. కిటికీలోంచి చూశాను. ప్రహరీ గోడ వార గొంతుక్కూర్చుని, గడ్డం దాదాపు నేలకి ఆనించి చీమల బారుని చూస్తోంది. పెదాలు కదులుతున్నాయి. చీమలు నిలబడవు కదా, మధ్యలో లెక్క తప్పుతోంది. ఒకదాని వెంట రెండడుగులు కుప్పిగంతు వేస్తుంది, పోగొట్టుకుంటుంది, వెనక్కి వచ్చి ఇంకోదాన్ని పట్టుకుంటుంది. ఎండ మీదికి వచ్చేసినా లేవలేదు.

చీమ దారిలో ఒక పంచదార పలుకు పెడితే ఆగుతుంది, అప్పుడు లెక్కపెట్టొచ్చు. ఆ మాట చెబుదామని చెప్పులేసుకుని దిగాను. ఆఖరి మెట్టు మీద ఉండగానే తలెత్తి చూసింది.

"నువ్వు చెప్పకు" అంది.

వెనక్కి తిరిగి పైకి వచ్చేశాను.